ఐనార్ ఫ్లాటెన్ తెచ్చిన పంది

ఆ సోమవారం పొద్దున వెర్నా కూబియాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా బల్లలు తోమాలి, కత్తులు మరిగే నీళ్ళలో వెయ్యాలి, భర్త ఓర్విల్ నోరు తెరవకుండా చూసుకోవాలి. మొదటి రెండూ సబ్బుతో అయ్యే పనులు.

బయట పొగమంచు వీధిని మింగేసింది. ఉత్తర విస్కాన్సిన్‌లో నవంబరు నెల అంతే. పక్కనున్న చర్చి గోపురం కూడా పైసగం మాయమై, ఎవరో కోసుకుపోయినట్టు ఉంటుంది. వెర్నా బల్ల తోముతుండగా ఫోను మోగింది. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడో చాలా దూరంలో గాలి వీస్తున్న చప్పుడు, ఆ గాలికి ఏదో తలుపు కొట్టుకుంటున్న చప్పుడు.

"కూబియాక్ మాంసం దుకాణం. ఎవరండీ?"

చాలాసేపటికి ఒక మగ గొంతు, మట్టి కింద నుంచి వచ్చినట్టు, "పల్చగా కొయ్యి," అంది. అంతే. ఫోను పెట్టేశారు.

"నమస్కారం లేదు, పేరు లేదు. మాటలు పొదుపు చేసే మనూరి నార్వే రైతెవరో," అనుకుని వెర్నా మళ్ళీ బల్ల తోమడంలో పడింది.

ఆమె భయమంతా ఇన్‌స్పెక్టరు గురించే. పెద్ద మాంసం ఫ్యాక్టరీల్లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు రోజూ నిలబడి మాంసానికి ముద్ర వెయ్యాలి. ఇళ్ళవాళ్ళకు కావలసినంత అక్కడికక్కడే కోసి అమ్మే చిన్న దుకాణాలకు ఆ రోజువారీ కాపలా నుంచి మినహాయింపు ఉంది. వెర్నా తండ్రి నాటి నుంచీ ఆ దుకాణం బతికింది ఆ మినహాయింపు మీదే. రైతు తన సొంత పందిని తెచ్చి ఇస్తే కోసిపెట్టవచ్చు కూడా. కాని ఆ మాంసం మీద "అమ్మకానికి కాదు" అని ముద్ర వెయ్యాలి. దాన్ని ఆ యజమానీ, అతని ఇంటివాళ్ళూ, డబ్బివ్వని అతిథులూ మాత్రమే తినాలి. యజమాని లేని పంది శీతల గదిలో వేలాడుతూ దొరికిందా, అది దుకాణంవాళ్ళు ముద్ర లేకుండా అమ్మడానికి దాచిన దొంగ పంది కింద లెక్క. పక్క ఊరి దుకాణం అలాగే మూతపడింది. ఇప్పుడక్కడ కొవ్వొత్తులు అమ్ముతున్నారు.

అందుకే వెర్నా శీతల గదిలోకి వెళ్ళి ఒక్కొక్క చీటీ చూసుకుంటూ వచ్చింది. చివరి కొక్కేనికి రెండుగా చీల్చిన కొత్త పంది వేలాడుతోంది. దాని తలకాయ పక్క అరమీద కళ్ళు మూసుకుని, ఏదో తెలిసి చెప్పకుండా నవ్వుతున్నట్టు ఉంది. చీటీ మీద ఓర్విల్ చేతిరాత: ఐనార్ ఫ్లాటెన్.

వెర్నాకు చలి గదిలో చెమట పట్టింది.

"ఓర్విల్! ఈ పంది ఎవరు తెచ్చారు?"

"చీటీ మీద రాశానుగా. ఐనార్. తెల్లారుతుండగా వచ్చాడు."

"ఏ ఐనార్?"

"మనూళ్ళో ఎంతమంది ఐనార్ ఫ్లాటెన్‌లున్నారు? అదే పాత ట్రక్కు, అదే చెవుల టోపీ, అదే గళ్ళ కోటు. వెనక్కొచ్చి ట్రక్కు ఆపాడు. నేను పందిని దించుకున్నాను. ఎప్పట్లాగే స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తాడు, వెళ్ళిపోయాడు."

"ఓర్విల్, మే నెలలో ఐనార్ శవపేటిక మోసిందెవరు?"

"నేనే. ఎడమవైపు ముందు..." అంటూ ఓర్విల్ ఆగిపోయాడు. అతని ముఖం పంది తలకాయ రంగుకు వచ్చింది.

"దయ్యాన్ని చూసి చీటీ కట్టావా, మహానుభావా?"

"నాకేం తెలుస్తుంది, వెర్నా? బతికున్నప్పుడు కూడా మాట్లాడేవాడు కాదుగా! పెళ్ళిలో 'సరే' అన్నాక అతను మళ్ళీ నోరు తెరిచినట్టు ఎవరైనా విన్నారా? పోయాక తేడా ఎక్కడ తెలుస్తుంది?"

అందులో న్యాయముందని వెర్నా ఒప్పుకోక తప్పలేదు. అప్పుడే ఆమెకు పొద్దున వచ్చిన ఫోను గుర్తొచ్చింది. ఆ గొంతు ఎక్కడ విన్నదో కూడా గుర్తొచ్చింది. పోయిన ఏడు దుకాణం బల్ల ముందు నిలబడి, "మందంగా కొయ్యి," అని ఒకే ఒక్క మాట అన్న గొంతు.

వీధిలో కారు తలుపు మూసిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు డెల్మర్ క్రౌస్ ఎప్పుడూ చెప్పిన వేళకన్నా ముందే వస్తాడు. ఆయన ఉద్యోగంలో అదొక్కటే వినోదం.

"దీన్ని ఇక్కణ్ణుంచి తీసెయ్యి," అంది వెర్నా గొంతు తగ్గించి.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా! చల్లగా ఉండాలి, ఎవరూ చూడకూడదు. వెళ్ళు!"

ఇలాంటి ఆజ్ఞ ఓర్విల్‌కు ఇవ్వకూడదని ముప్ఫై ఏళ్ళ కాపురం ఆమెకు నేర్పింది. కాని కంగారులో చదువు గుర్తు రాదు.

డెల్మర్ క్రౌస్ లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో టార్చిలైటు, జేబులో ఉష్ణమాపకం. ఆయన నవ్వితే ఎవరిదో దుకాణం మూతపడ్డట్టే అంటారు. కత్తులు చూశాడు, గోడలు చూశాడు, గచ్చు మీద వేలు రాసి వాసన చూశాడు. తరవాత శీతల గది తలుపు తీసి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

చివరి కొక్కెం ఖాళీగా ఉంది. అది నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

"ఈ కొక్కెం ఎందుకు ఊగుతోందమ్మా?"

"గాలికండీ."

"మూసి ఉన్న గదిలో గాలెక్కడిది?"

వెర్నా చెయ్యి చాచి కొక్కేన్ని ఆపుతుండగా పక్కనున్న చర్చి నేలమాళిగలోంచి ఒక కేక వినిపించింది. మనిషి కేకే, కాని మామూలుగా మనుషులు వేసే కేక కాదు. వెంటనే ఇంకో కేక. తరవాత, అన్నింటికన్నా భయంకరంగా, ఆడవాళ్ళంతా కలిసి భక్తిగీతం అందుకున్నారు.

ఆ సాయంత్రం చర్చిలో ఏటా జరిగే చేపల విందు. బూడిద నీళ్ళలో నానేసిన ఎండు చేపను ఉడికించి, వెన్న పోసి, టికెట్లు అమ్మి పెడతారు. ఊళ్ళో సగంమంది దాన్ని ప్రాణంగా తింటారు, సగంమంది ప్రాణం మీదికి వచ్చినట్టు తింటారు. అయితే ఆ పొద్దున చేపల లారీ మంచులో దారి తప్పి వాగులోకి దిగబడిందని కబురు వచ్చింది. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. వంటకు పెద్ద అయిన ఆర్డిస్, ఇక దేవుడే దిక్కని కళ్ళు మూసుకుని ప్రార్థించి, కళ్ళు తెరిచి, చల్లటి సామాన్ల గది తలుపు తీసింది. లోపల చీకట్లో ఒక పంది వేలాడుతోంది. దాని కాలికి చీటీ: ఐనార్ ఫ్లాటెన్.

కేకలు విన్నా ఇన్‌స్పెక్టరు తనిఖీ కాగితం పూర్తిగా నింపనిదే కదల్లేదు. వెర్నా, ఆయన మెట్లు దిగేసరికి ఒక సగం పంది పొయ్యిలో కాలుతోంది. ఆవిరిలో ఆర్డిస్ ముఖం దేవతలా వెలిగిపోతోంది. ఓర్విల్ ఒక మూల పీట మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసిన కుక్కలా కూర్చున్నాడు.

"చూశావా వెర్నా! ఐనార్ పంపాడు!" అంది ఆర్డిస్. "బతికినన్నాళ్ళూ మా చేప ముట్టుకోని మనిషి! 'ఇది తిండి కాదు' అని ముఖంతోనే చెప్పేవాడు. చూడు, ఇన్నాళ్ళకు అవతలి నుంచి పందిని పంపించాడు, పాపం."

"టికెట్లు అమ్మారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా.

"ఒక్కటి మిగల్లేదండీ! మీకు కావాలంటే ఎలాగో సర్దుతాం."

డెల్మర్ క్రౌస్ నవ్వాడు. వెర్నాకు కొవ్వొత్తుల వాసన వచ్చింది. "అమ్మకానికి కాదు" అనే ముద్ర కూడా పడని పందిని ఊరంతటికీ టికెట్టు పెట్టి అమ్మేశారు. దుకాణం బోర్డు మీద తండ్రి పేరు ఆమె కళ్ళ ముందే చెరిగిపోతోంది.

ఇన్‌స్పెక్టరు మిగిలిన సగానికి వేలాడుతున్న చీటీ చేతిలోకి తీసుకున్నాడు. "ఈ ఫ్లాటెన్ అనే యజమానితో నేను మాట్లాడాలి. ఎక్కడుంటారు?"

అందరూ ఓర్విల్ వైపు చూశారు. ఓర్విల్ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, దానికి కావలసినంత తెలివి లేక. "ఇక్కడే, వెనకాలే," అని కిటికీలోంచి చూపించాడు.

కిటికీ అవతల శ్మశానం. రాళ్ళ మధ్య మంచు పాలలా పారుతోంది. ఆ మంచులో, మే నెలలో పూడ్చిన సమాధి పక్కన, చెవుల టోపీ, గళ్ళ కోటు వేసుకుని ఐనార్ ఫ్లాటెన్ నిలబడి ఉన్నాడు.

భక్తిగీతం మధ్యలో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు చేతిలోని ఉష్ణమాపకం గచ్చు మీద పడి పగిలింది. ఆకారం వంగి రాయిని ఒకసారి తట్టింది. తరవాత తల తిప్పి, నేలబారు కిటికీలోంచి వాళ్ళ వైపు చూసి, ఒక వేలు పైకెత్తింది. నెమ్మదిగా చర్చి తలుపు వైపు నడిచింది. మెట్ల మీద బరువైన బూట్ల చప్పుడు. ఒక్కొక్క మెట్టే. ఆర్డిస్ గరిటెను సిలువలా ఎత్తి పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి వెర్నా వెనక నిలబడ్డాడు. ప్రభుత్వం పౌరుల చాటుకు వెళ్ళడం ఆమె చూడడం అదే మొదటిసారి.

తలుపు తెరుచుకుంది. టోపీ తీస్తే లోపలినుంచి తెల్లటి జుట్టు ముడి జారింది. ఐనార్ భార్య సిగ్నీ.

"మాంసం కాలిన వాసనొస్తే వచ్చాను," అందామె. "అది నా పందిలాగుందే!"

వెర్నాకు ముందు ఊపిరి, తరవాత కోపం వచ్చాయి. "సిగ్నీ అక్కా! ఆ కోటేంటి, ఆ టోపీ ఏంటి? మా ఆయన గుండె ఆగిపోయేది!"

సిగ్నీ ఇన్‌స్పెక్టరును చూసింది. ఆయన చొక్కా మీద బిళ్ళను చూసింది. చేతులు రెండూ ముందుకు చాచింది. "తెలిసిపోయిందన్నమాట. తీసుకెళ్ళండి బాబూ. తప్పు నాదే. వెర్నాకేం తెలీదు."

"ఎందుకు తీసుకెళ్ళాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, వెర్నా వెనక నుంచి.

"ప్రతి ఏడూ వెర్నా వాళ్ళ నాన్న చెప్పేవాడు కదా, ఆ పంది యజమాని కోసమేననీ, వేరేవాళ్ళు ముట్టుకుంటే దుకాణం మూయిస్తారనీ. యజమాని ఐనార్. ఆయన పోయాడు. పంది ఉంది. నేను తింటే నేరం కదా! మరి దాన్నేం చెయ్యను? బడికి పంపనా? అందుకే ఇంకో ఏడాది ఆయన్ని బతికి ఉంచాను. కోటు వేసుకుని ట్రక్కులో కూర్చుంటే చాలు, మాట్లాడే పని ఎలాగూ లేదు. దించాక ఆయనకు చెప్పిపోదామని ఇలా వచ్చాను."

డెల్మర్ క్రౌస్ నెమ్మదిగా వెర్నా వెనక నుంచి బయటికి వచ్చి, టై సర్దుకుని, మళ్ళీ ప్రభుత్వం అయ్యాడు.

"పెద్దమ్మా, ఆ నిబంధన యజమానితోపాటు ఇంటివాళ్ళకూ వర్తిస్తుంది. ఆయనున్నప్పుడూ మీరు తినొచ్చు. ఇప్పుడైతే యజమానే మీరు."

"నలభై ఏళ్ళూ నేను భయపడుతూ తిన్నానే!" అంది సిగ్నీ. ఆమె గొంతులో ఊరట కన్నా మోసపోయిన బాధే ఎక్కువగా ఉంది.

"దుకాణానికేం కాదా?" అంది వెర్నా.

"పందికి యజమాని ఉన్నారు, దుకాణంవాళ్ళు అమ్మలేదు. మిగిలిన సగానికి ముద్ర వేసి ఆమెకివ్వండి. కాని ఈ టికెట్లున్నాయే," అని ఆర్డిస్ వైపు తిరిగాడు, "అవి అమ్మకమే. డబ్బివ్వని అతిథులు మాత్రమే తినాలి."

ఆర్డిస్ గరిటె దించింది. "అంటే అందరి డబ్బులూ వెనక్కిచ్చెయ్యాలా?"

"ఇచ్చెయ్యండి. అప్పుడు అందరూ సిగ్నీ గారి అతిథులు. ఆవిడ పిలిస్తే."

సిగ్నీ ఊరంతటినీ తూచినట్టు ఆలోచించింది. "సరే, రమ్మనండి," అంది చివరికి. "బతికుండగా ఆయన ఒక్కరికి కప్పు కాఫీ పోసిన పాపాన పోలేదు. ఇవాళైనా పేరు రానీండి. మీరూ ఉండిపోండి బాబూ."

ఆ సాయంత్రం డెల్మర్ క్రౌస్ రెండోసారి వడ్డించుకున్నాడు. ఊళ్ళో సగంమంది చేప లేదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, మిగతా సగంమంది ఐనార్ సమాధి వైపు తిరిగి టోపీలు తీశారు.

అంతకుముందే, పొద్దు ఉండగానే, వెర్నా మిగిలిన సగాన్ని దుకాణానికి తెచ్చి బల్ల మీద పరిచింది. సిగ్నీ కోటు విప్పకుండానే ఎదురుగా నిలబడింది.

"పల్చగానేగా అక్కా? పొద్దున ఫోన్లో చెప్పారుగా. గొంతు భలే మార్చారు. నిజంగానే ఆయనే అనుకున్నాను."

"ఏ ఫోను?" అంది సిగ్నీ. "మొన్న కురిసిన మంచు బరువుకి మా ఫోను తీగ తెగి పడుంది. నేను కోటైతే వేసుకున్నాను కాని, ఫోనెక్కడ చేశాను?"

వెర్నా కత్తి గాలిలోనే ఆగిపోయింది.

"ఆయనైతే ఎప్పుడూ మందంగానే అడిగేవాడు," అంది సిగ్నీ, తనలో తను అనుకుంటున్నట్టు. "కాని పల్చగానే కొయ్యి. పోయిన వారం పన్ను పీకించుకున్నాను, నమలలేకపోతున్నాను. ఎవరికీ చెప్పలేదు."

వెర్నా గోడకు అంటించిన నిబంధనలను పైనుంచి కిందిదాకా ఒకసారి చదివింది. చనిపోయినవాళ్ళు ఫోన్లో ఆర్డరు ఇవ్వకూడదని అందులో ఎక్కడా లేదు, కనక పల్చగానే కోసింది.