సీతాబాయి విడుదల మహోత్సవం

సైబరాబాదు పరిధిలో పతిత స్త్రీలకు తీవ్రమైన కొరత ఏర్పడినట్లు, చర్చి మహిళలు నడిపే ‘సమరయ స్త్రీ పరిచర్య’ మూడో త్రైమాసిక నివేదిక విచారంతో తెలియజేసింది. లక్ష్యం నలుగురు. దొరికినవారు సున్నా.

ఈ సున్నా పరిచర్య నాయకురాలు ప్రవీణ గుండెల్లో ముల్లై కూర్చుంది. నానక్‌రామ్‌గూడ టవర్లలో ఒక కంపెనీకి ఆమె టీమ్ లీడ్. పెట్టుకున్న లక్ష్యం చేరకపోవడమంటే ఏమిటో ఎరగని మనిషి. లోపం ఆమెది కాదు. ప్రతి శనివారం పదకొండింటికి, పిల్లల్ని కీబోర్డు క్లాసులో దింపి, అయిదుగురు సహోదరీలు కారేసుకుని వెలుగు చూపడానికి బయల్దేరేవారు. పొద్దుపోయాక వెళ్లడం క్షేమం కాదని భర్తలు తీర్మానించారు. ఆ పనిచేసేవాళ్లు పట్టపగలు నిద్రపోతారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ విధంగా కొత్తగూడ ఫ్లైఓవర్ కింద చెరకురసం అమ్మే ఆవిడకు రెండుసార్లు సువార్త అందింది. మియాపూర్ మెట్రో మెట్ల దగ్గర లిప్‌స్టిక్ వేసుకుని ఎవరికోసమో ఎదురుచూస్తున్న ఒకామె చేతిలో ‘నీ గతం క్షమించబడును’ అనే కరపత్రం పెట్టారు. ఆమె ప్రవీణ కంపెనీలోనే హెచ్చార్ మేనేజరు. ఆ ఏడాది ప్రవీణ రేటింగు గురించి ఇక్కడ ప్రస్తావించడం భావ్యం కాదు.

ఇంతటి కరువులో సీతాబాయి తనంతట తానే నడిచొచ్చింది. ఆదివారం ఆరాధన ముగిశాక చెప్పుల దగ్గర నిలబడి అడిగింది.

“అక్కా, గా పరిచర్య మీదేనా? నాకు ఇగ ఈ పని వద్దు. బట్టలు కుట్టుడు నేర్పిస్తే నేర్చుకుంట. గంతే.”

“నువ్వు... ఆ పనే కదమ్మా?” అంది ప్రవీణ, ఆశను అణచుకుంటూ.

“గదే అక్కా. పదేండ్ల సంది.”

ప్రవీణ కళ్లు చెమర్చాయి. పదేళ్ల అనుభవం ఉన్న మనిషి రావడం మాటలు కాదు.

సీతాబాయికి కావలసింది చిన్నదే. కూతురు దేవిశ్రీ కొత్తగూడలో పదో తరగతి చదువుతోంది. బడికి దగ్గర్లో, రిటైరైన వెంకటనారాయణ గారింట్లో వెనక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. మార్చి పరీక్షలయ్యేదాకా ఆ గది వదలకూడదు. “పేరు, ఫొటో బయటికి రావొద్దక్కా,” అని మొదటిరోజే చెప్పింది. ప్రవీణ మాటిచ్చింది.

మూడు నెలల్లో సీతాబాయికి పని చేతికొచ్చింది. సహోదరీలందరి జాకెట్లూ పెళ్లయ్యాక మొదటిసారి సరిగ్గా కుదిరాయి. ప్రతి ఆదివారం ప్రవీణ మైకు పట్టుకుని, పేరు చెప్పకుండానే, “నా సొంత సహోదరి” అంటూ ఆమె గురించి మూడు వందలమందికీ చెప్పేది. ఆఖరికి కుట్టుమిషను బహూకరించే రోజు వచ్చింది. దానికి విడుదల మహోత్సవమని పేరు పెట్టారు.

మాట తప్పే మనిషి కాదు ప్రవీణ. ఫ్లెక్సీలో సీతాబాయి ముఖాన్ని మసకగా వేయించింది. పేరు అసలే వేయించలేదు. ‘పడుపువృత్తి నుండి విడుదల పొందిన మన సహోదరి’ అని మాత్రమే అచ్చు కొట్టించి, ఆ ఫ్లెక్సీని సీతాబాయి ఉండే ఇంటి గేటుకే కట్టించింది. మిషను వ్యానులో, కంజీరలతో, పాటలతో వచ్చింది. సందంతా బాల్కనీల్లోకి చేరింది. ఆ ఇంట్లో దేవిశ్రీని తీసేస్తే ఆడవాళ్లు ఇద్దరే. ఒకరు సీతాబాయి, రెండోవారు వెంకటనారాయణ గారి భార్య, డెబ్భయ్యేళ్ల సుబ్బలక్ష్మి గారు. మసక ముఖం ఎవరిదో తేల్చుకోవడానికి సందుకి ఆట్టే సేపు పట్టలేదు. కొందరు మాత్రం సుబ్బలక్ష్మి గారిని కూడా ఒకసారి తేరిపార చూశారు.

బడి నుంచి వచ్చిన దేవిశ్రీ ఆ ఫ్లెక్సీని మొత్తం చదివింది. లోపలికెళ్లి కత్తెర తెచ్చి తాళ్లు కోసింది. “వానొస్తే మిషను మీద కప్పొచ్చమ్మా,” అని మడిచి పక్కన పెట్టి, లెక్కల పుస్తకం తీసింది.

సాయంత్రం వెంకటనారాయణ గారు వచ్చారు.

“ఏమీ అనుకోకమ్మా. నాలుగేళ్లున్నావు, ఏనాడూ నీవల్ల మాట పడలేదు. ఇప్పుడేమో ఆ పని మానేశావట. మర్యాదస్తులు తిరిగే సందు కదా. నెలాఖరుకి ఖాళీ చేసెయ్.”

చేసినన్నాళ్లూ నిలిచిన పరువు, మానేసిన మూణ్ణెల్లకే పోయింది.

పరిచర్యలో అత్యవసర ప్రార్థన పెట్టారు. ఆ గదిలో కూర్చున్నవారందరికీ కలిపి కొత్తగూడ చుట్టుపక్కల పదకొండు ఫ్లాట్లున్నాయి. నాలుగు ఖాళీగానే ఉన్నాయి, అందులో ఒకటి ప్రవీణదే. అయితే ఒకామె శాకాహారులకే ఇస్తుంది. తనకు ఆదివారం బిర్యానీ లేనిదే గడవదు, అయినా నియమం నియమమే. ఇంకొకామెకు మామగారు ఒప్పుకోరని భయం. ఆయన పోయి రెండేళ్లయింది గానీ, పెద్దల మాటంటే ఆ కోడలికి గౌరవం. అందరూ గంటసేపు కన్నీటితో ప్రార్థించారు.

“దిగులుపడకు సిస్టర్. ప్రభువే తలుపు తెరుస్తాడు,” అంది ప్రవీణ.

“తెరుస్తడక్కా. తాళంచెవి నీ సంచిలనే ఉన్నది గద,” అంది సీతాబాయి.

ఆ మాట ప్రవీణను రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. మూడోరోజు సీతాబాయిని వెంటబెట్టుకుని తన ఖాళీ ఫ్లాటు దగ్గరికి వెళ్లింది. నిజంగానే వెళ్లింది. ఆ మేరకు మెచ్చుకోవాలి.

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి రామ్మోహనరావు గారు ఫారం తీశారు.

“అద్దెకి దిగేది ఈవిడేనాండీ? మీకేమవుతారు మేడం?”

సీతాబాయి ప్రవీణ ముఖంలోకే చూస్తోంది. కార్యదర్శి గారి కలం గడి మీద ఆగి ఉంది. వెనక లిఫ్టు కోసం నలుగురు నిలబడి ఉన్నారు, వాళ్లలో ఇద్దరికి ప్రవీణ తెలుసు.

“మా పనిమనిషండి,” అంది ప్రవీణ.

రామ్మోహనరావు గారి ముఖం వికసించింది. “ముందే చెప్పొచ్చు కదండీ. అయితే ఫారమే అక్కర్లేదు. వంటింటి పక్క గదిలో ఉండమనండి. సర్వీసు లిఫ్టే వాడాలి.”

పైకెళ్లాక ప్రవీణ మిగతా మూడు గదులకూ తాళాలు వేసింది. పరీక్షలయ్యేదాకా ఉండొచ్చని చెప్పింది. చిన్న గది కిటికీలోంచి బడి కనబడుతోంది. సీతాబాయి కాసేపు అటే చూసి, కొంగు బొడ్లో దోపుకుంది.

“పనికి ఎప్పటి సంది రావాలక్కా?”

ప్రవీణ నొచ్చుకుంది. ఆ మాటకి నిజంగా నొచ్చుకుంది. తరవాత, “ఏడున్నరకి వస్తే చాలు సిస్టర్,” అంది.

ప్రవీణ మీద పళ్లు నూరుతున్న పాఠకులకు ఒక మనవి. ఏప్రిల్లో సీతాబాయి మళ్లీ ఇల్లు వెతుక్కుంటుంది. మీ గేటుకి టులెట్ బోర్డు వేలాడుతుంటే లోపలికి వచ్చి బెల్లు కొడుతుంది. ఇంట్లో ఉన్నారు కదా.