గుమ్మం దగ్గర ప్రార్థన

ఒక పెద్ద అడవిలో, అంటే డిగ్రీ కాలేజీ పెట్టినా ఎవరికీ అడ్డం రానంత పెద్ద అడవిలో, వలస వచ్చిన గూడబాతులు పెట్టిన మిషన్ కాలేజీ ఒకటుంది. ఎండలు ముదరగానే పెట్టినవాళ్లు ఎగిరిపోయారు. కాలేజీ ఉండిపోయింది.

కోర్సులకు లోటు లేదు. బోటనీ ఉంది, కానీ మేకలకు సీట్లిచ్చాక మొక్కలు మిగల్లేదు. జువాలజీ ఉంది, కానీ ప్రాక్టికల్స్‌కి బల్ల మీద పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోక థియరీతోనే లాగిస్తున్నారు. అన్నిటికంటే గిరాకీ ఉన్నది మీడియా ప్రొడక్షన్. దానికొక కెమెరా కూడా ఉంది. ప్రిన్సిపాల్ గదిలో, బీరువాలో, తాళం వేసి.

ఆ కోర్సు చివరి సంవత్సరంలో కృపామణి అనే దేవాంగపిల్లి చదువుతోంది. మనిషి గుప్పెట్లో పట్టేంత ఒళ్లు, ఒళ్లంతా తామే అన్నట్టుండే కళ్లు. పగలంతా కునుకు తీయడం దాని జాతి లక్షణం కాబట్టి క్లాసులు బాగానే గడిచాయి.

పాఠం చెప్పేది జకరయ్య మాస్టారు. తాబేలు. అసలు హిస్టరీ ఆయన సబ్జెక్టు, మీడియా అదనపు డ్యూటీ. "రాసుకోండమ్మా, కెమెరాకు ముందొక కన్ను, వెనకొక మీట," అని మూడేళ్లుగా డిక్టేషన్ ఇస్తున్నారు.

"మీట నొక్కితే ఏమవుతుంది సార్?" అని ఒకసారి కృపామణి అడిగింది.

"అది సిలబస్‌లో లేదు."

సిలబస్‌లో లేకపోయినా పరీక్షలో ఉంది. సొంతంగా తీసిన ఫిలిం చూపించకపోతే డిగ్రీ రాదని అడవి విద్యామండలి రూలు. కృపామణి ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ప్రాణి అదే. డిగ్రీ లేకుండా కొమ్మ ఎక్కితే అమ్మ దింపేస్తుంది.

అలాంటి సమయంలో విద్యామండలి కమిటీ తనిఖీకి వస్తోందని కబురొచ్చింది. పరికరాలు లేని కోర్సులు మూసేస్తారట. మొదటి వేటు మీడియా మీదేనట.

ప్రిన్సిపాల్ ఫాదర్ ఇన్నయ్య గారు, పెట్టినవాళ్లతో ఎగరలేక ఉండిపోయిన గూడబాతు. కంగారు పడితే గొంతు కింద సంచి ఊగుతుంది. ఆ రోజు స్టాఫ్ మీటింగంతా ఊగింది.

కామర్స్ హెడ్ తోమాసు మాస్టారు మాత్రం తాపీగా తోక దువ్వుకున్నారు. ఆయన నక్క అని వేరే చెప్పక్కర్లేదు. "ఫాదర్, మన దగ్గర ఉన్నవి ఒక కెమెరా, ఒక పుస్తకాల బీరువా, నిద్రపోకుండా కూర్చోగల డజను మంది పిల్లలు. ఒక డిపార్టుమెంటుకు చాలవా?"

"ఒకదానికి చాలుతాయి. మనకు అరడజను ఉన్నాయి కదయ్యా."

"ప్రతి గది గుమ్మం దగ్గరా మీరు ప్రార్థన చేయించండి. కళ్లు మూసుకుంటారు కదా. ఆమెన్ అనేలోపు కోతులు చూసిన గదిలో సామానంతా తర్వాతి గదిలో సర్దేస్తాయి."

ఫాదర్ మెడలో శిలువ సర్దుకున్నారు. "ఇది అబద్ధం కాదు కదా?"

"మనం నోరు తెరిచి ఏమీ చెప్పట్లేదు ఫాదర్. ప్రార్థనే చేస్తున్నాం."

సంచి ఊగడం ఆగింది.

కెమెరా బయటికొచ్చింది. దాని వెనక నిలబడే పని కృపామణికి పడింది, కళ్లు పెద్దవి కాబట్టి కెమెరా తెలిసినదానిలా కనిపిస్తుందని. "పట్టుకో, కానీ మీట జోలికి పోకు," అన్నారు తోమాసు మాస్టారు.

మూడేళ్లలో మొదటిసారి దాన్ని ముట్టుకున్న కృపామణికి నిద్ర ఎగిరిపోయింది.

కమిటీ వచ్చింది. చైర్మన్ ఎలుగుబంటి గారు, మెంబరు ముళ్లపంది మేడమ్. వెనకాలే ప్లమ్ కేకు పళ్లెంతో సిస్టర్ కొంగ. మీడియా గది చూసి చైర్మన్ గారు, "బాగుంది, కెమెరా ఉంది," అన్నారు. వరండాలోకి వచ్చి బోటనీ గుమ్మం ముందు నిలబడ్డారు.

"తలలు వంచి, కళ్లు మూసుకుందాం," అన్నారు ఫాదర్.

కోతులు దూకాయి. బీరువా లేచింది, బెంచీలు లేచాయి. కెమెరా స్టాండు లేచింది, దాన్ని నాలుగు కాళ్లతో కరుచుకున్న కృపామణితో సహా. స్టాండు ముందు కాళ్లు మోస్తున్న కోతి దాని క్లాస్‌మేట్ ప్రభుదాసు.

"దిగవే, బరువు."

"నేను పట్టుకోవాలిగా, సార్ చెప్పారు. కదలకుండా మొయ్యిరా."

అప్పుడే దానికి తోచింది. అందరి కళ్లూ మూసి ఉన్నాయి. డిగ్రీ వేలి కిందే ఉంది. నొక్కింది.

బోటనీలో కెమెరా ఆకుల్ని దగ్గరగా చూసే యంత్రమైంది. ఫిజిక్సులో చుక్కల్ని చూసే గొట్టమైంది. జువాలజీ గుమ్మంలో బీరువా ఇరుక్కుంది. ఫాదర్ ఒక కన్ను కొంచెం తెరిచి, చూసి, మళ్లీ మూసి ప్రార్థన పొడిగించారు. "అలాగే ప్రభువా, ఈ వరండాను కూడా దీవించు. ఆ కుళాయిని దీవించు. హాస్టల్ సాంబారును ప్రత్యేకంగా దీవించు..." సాంబారు దగ్గర పిల్లలంతా మనస్ఫూర్తిగా ఆమెన్ అన్నారు.

అంతా గట్టెక్కింది. ముగింపు సభలో చైర్మన్ గారు తృప్తిగా పొట్ట నిమురుకుని, "మీడియా పిల్లలు తీసిందేదైనా చూపిస్తారా?" అన్నారు.

ఫాదర్ సంచి మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

"ఉంది సార్," అంది కృపామణి. హాల్లో టీవీకి వైరు తగిలించింది.

తెర మీద వరండా. వంచిన తలలు. వాటి ముక్కు కిందుగా వెళ్తున్న బీరువా. తోమాసు మాస్టారు తోక కాళ్ల మధ్య దాచుకున్నారు.

కానీ కెమెరా తలల దగ్గరికొచ్చింది. చైర్మన్ గారి కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి. ఒక చెయ్యి గుండె మీద, రెండోది కేకు పళ్లెంలో. బెంచీలు ముందుకెళ్తుంటే చూస్తూ నములుతున్నారు. జువాలజీ గుమ్మంలో ఇరుక్కున్న బీరువాను ముళ్లపంది మేడమ్ మోచేత్తో నెట్టి లోపలికి పంపింది. పంపి, కళ్లు గట్టిగా మూసుకుని ఆమెన్ అంది.

హాల్లో ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

చివరికి చైర్మన్ గారు మూతి తుడుచుకున్నారు. "ఎవరమ్మా తీసింది?"

"నేనే సార్."

"చెరిపెయ్."

"చెరిపేస్తాను సార్. ఇది నా ప్రాక్టికల్. మార్కులు వేశాక చెరిపేస్తాను."

జకరయ్య మాస్టారు జీవితంలో మొదటిసారి పరుగెత్తారు. మార్కుల కాగితం తెచ్చి నూటికి నూరు వేశారు. చైర్మన్ గారు సంతకం పెట్టారు. ఎవరూ అడగకుండానే ముళ్లపంది మేడమ్ కూడా పెట్టింది.

కృపామణి అప్పుడు చెరిపింది. అమ్మ ఉన్న కొమ్మ దిక్కు చూసి, ఆగిపోయిన కునుకు మళ్లీ మొదలుపెట్టింది.

వారం తిరక్కుండా కమిటీ నివేదిక వచ్చింది. బోటనీ, ఫిజిక్సు, జువాలజీ ఆదర్శవంతంగా నడుస్తున్నాయట. సీట్లు పెంచుకోవచ్చట. మీడియా ప్రొడక్షన్ మాత్రం వెంటనే మూసేయాలట.

"మూసేస్తారని భయపడేగా ఇదంతా చేశాం," అన్నారు ఫాదర్ దీనంగా. "ఎందుకట?"

జకరయ్య మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "ఈ కోర్సులో విద్యార్థులు నిజంగానే నేర్చుకుంటున్నట్టు కమిటీ దృష్టికి వచ్చింది."

కెమెరా మళ్లీ బీరువాలోకి వెళ్లింది. ఈసారి రెండు తాళాలు.

నీతి: ప్రార్థనలో కళ్లు తెరిస్తే దేవుడు క్షమిస్తాడు, తెరిచినవాళ్లను చూస్తే మాత్రం కమిటీ క్షమించదు.