లిప్నొవిత్సెలో ఆఖరి గ్రహం

సౌరకుటుంబం ఎక్కడ ముగియాలన్న ప్రశ్నకు మానవజాతి చివరికి జవాబు కనుక్కుంది. ఆ జవాబు లిప్నొవిత్సె పురపాలక కార్యాలయంలో, రెండో అంతస్తులో, కాలిబాటల విభాగం బీరువాలో భద్రంగా ఉంది. (బీరువా తాళం బుధవారాల్లో మాత్రమే దొరుకుతుంది.)

మా ఊళ్ళో గ్రహాల బాట ఒకటుంది. చర్చి ముందు ఇత్తడి సూర్యుడు. అక్కడి నుంచి పది లక్షల కిలోమీటర్లకు ఒక మీటరు లెక్కన, గ్రహానికొక రాతి స్తంభం. భూమి మందుల షాపు ఎదురుగా ఉంటుంది. నెప్ట్యూన్ మురుగునీటి శుద్ధి కేంద్రం గేటు దగ్గర. ఆఖరున, సూర్యుడికి ఆరు కిలోమీటర్ల దూరంలో, బ్లాజెనా బీరుకొట్టు ముందు ప్లూటో. కొట్టు పేరు కూడా 'ప్లూటో దగ్గర'.

మా చెక్ దేశంలో మనిషి నడిచాడనడానికి సాక్ష్యం కాళ్ళనొప్పులు కాదు, జేబులోని చిన్న పుస్తకంలో పడ్డ ముద్ర. బాట పూర్తి చేసినవాళ్ళకు వేసే ముద్ర బ్లాజెనా గల్లాపెట్టె పక్కన ఉండేది. ముద్ర కోసం వచ్చినవాడు కూర్చుంటాడు. కూర్చున్నవాడు బీరు తాగుతాడు, నూనెలో ఊరిన జున్ను తింటాడు. మొగుడు రదిమ్ ఆమెను వదిలేసి, వంతెన అవతల జాబ్రొదిలో సొంత బీరుకొట్టు పెట్టుకున్నాక, ఆమె పొయ్యి వెలిగింది ఈ సూత్రం మీదే. శాస్త్రంలో ఇంతకన్నా గట్టి సూత్రం నేను చూడలేదు.

2006 ఆగస్టులో ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, పసుపు కార్డులు ఎత్తి, ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసేశారు. పదకొండో రోజున కాలిబాటల విభాగం అధికారి ఒతకర్ షిమాచెక్ స్క్రూడ్రైవరుతో వచ్చాడు.

"బ్లాజెనా గారూ, మీ మీద నాకే కోపమూ లేదు. పైవాళ్ళ నిర్ణయం," అన్నాడు, స్తంభం మీది పేరు రేకు విప్పుతూ.

"ఆ పైవాళ్ళు ఎప్పుడైనా ఇక్కడిదాకా నడిచారా?"

"నడవక్కర్లేదండీ. దుర్భిణి ఉంది."

"అయితే బీరు కూడా దుర్భిణిలో చూస్తూ తాగమనండి. ముద్ర ఎందుకు తీస్తున్నారు?"

"ముద్ర ఆఖరి గ్రహం దగ్గర ఉండాలని నియమం. ఇకనుంచి నెప్ట్యూన్ గేటు కాపలాదారు వేస్తాడు."

"అక్కడ కంపు."

"తీర్మానంలో కంపు గురించి ఏమీ లేదండీ," అన్నాడు షిమాచెక్. నిజమే. నేను కూడా చదివాను.

మరుసటి వారం ఆయనే ఒక కాగితం తెచ్చాడు. ప్లూటోకు శాస్త్రజ్ఞులు 134340 అనే సంఖ్య ఇచ్చారు కాబట్టి, కొట్టు పేరు రికార్డుల్లో '134340 దగ్గర' అని మారింది. (ఈ కాగితం మొదట తపాలాలో పంపారు. మా పిన్‌కోడ్‌కు అయిదంకెలే. చిరునామాలోని 134340ను పిన్‌కోడ్ అనుకుని, ఆరంకెల ఊరు దేశంలో లేదని పోస్టాఫీసు తిప్పి పంపింది.)

సెప్టెంబరంతా నడిచేవాళ్ళు నెప్ట్యూన్ దగ్గర ముక్కు మూసుకుని ముద్ర వేయించుకుని, బస్సెక్కి వెళ్ళిపోయారు. ప్లూటో దగ్గర నేనొక్కడినే మిగిలాను. ముప్ఫై ఏళ్ళు భూమి రికార్డుల ఆఫీసులో గుమాస్తాగా చేసినవాణ్ణి. నాకు బీరు తాగడం, అర్జీ రాయడం రెండూ వచ్చు. మొదటిదానితో ఆగాల్సింది.

"ప్రాగ్‌వాళ్ళు ప్లూటోను మరుగుజ్జు గ్రహం అన్నారు కదా. దాని మీద రాస్తాను," అన్నాను బ్లాజెనాతో.

"రాయండి. మా అమ్మమ్మ నాలుగడుగులు ఉండేది. ఆవిడ అమ్మమ్మ కాకుండా పోయిందా? అది కూడా రాయండి."

రాశాను. పురపాలక సభ నాలుగుసార్లు కూర్చుంది. విషయం ఖగోళానిది కనుక ఓటు కూడా పసుపు కార్డుతోనే వేయాలన్నారు. ఊళ్ళో ఉన్న పసుపు కార్డు ఒక్కటే, ఫుట్‌బాల్ రిఫరీది. అది చేయి మారుతూ తిరిగేసరికి పదకొండు మంది ఓటుకు నలభై నిమిషాలు పట్టింది. (రెండుసార్లు ఎత్తిన సభ్యుణ్ణి మైదానం నుంచి, అంటే సభ నుంచి, బయటికి పంపారు.) చివరికి తీర్మానం నెగ్గింది: నడక అవసరాల మేరకు మరుగుజ్జు గ్రహాలన్నీ గ్రహాలే.

ఆ సాయంత్రం బ్లాజెనా నాకు బీరు ఊరికే పోసింది. రెండు పీపాలు అదనంగా తెప్పించింది.

మర్నాడు షిమాచెక్ వచ్చి రేకు మళ్ళీ బిగించాడు. చేతిలో ముద్ర లేదు. కొలతల టేపు ఉంది.

"ముద్ర ఏదీ?" అంది బ్లాజెనా.

"తీర్మానంలో 'అన్నీ' అని ఉందండీ. ప్లూటో ఒక్కటే మరుగుజ్జు కాదు. సీరీస్ ఉంది, అది పళ్ళ డాక్టరు గుమ్మంలో పడింది. ఎరిస్ ఉంది, దానిది పది కిలోమీటర్లు." ఆయన టేపు చుట్టుకున్నాడు. "వంతెన దాటాక, జాబ్రొదిలో."

"జాబ్రొదిలో ఎక్కడ?"

షిమాచెక్ కాగితం చూసుకున్నాడు. చూడక్కర్లేదని ముగ్గురికీ తెలుసు.

"రదిమ్ గారి కొట్టు పెరట్లో. లెక్కలో ఒక్క మీటరు తేడా లేదండీ. నేనే రెండుసార్లు కొలిచాను."

(ఎరిస్ అంటే గ్రీకుల కలహదేవత. ఆ పేరు పెట్టినవాళ్ళకు రదిమ్‌తో పరిచయం లేదని విచారణలో తేలింది.)

ఇప్పుడు నడిచేవాళ్ళు మళ్ళీ ప్లూటో దాకా వస్తున్నారు. గుంపులు గుంపులుగా వస్తున్నారు. లోపలికి తొంగిచూసి మరుగుదొడ్డి ఎక్కడని అడుగుతారు. పని చూసుకుని, ముద్ర కోసం, దానితోపాటు వచ్చే బీరు కోసం, వంతెన వైపు నడుస్తారు. బ్లాజెనా రోజుకు మూడుసార్లు నేల కడుగుతోంది.

నిన్న ఆమె చీపురు గోడకు ఆనించి, నా ఎదురుగా కూర్చుంది.

"ఇంకో అర్జీ రాసి చూడనా?" అన్నాను.

"వద్దు గుమాస్తా గారూ," అంది. "ఇంకోసారి గెలిస్తే కొట్టు కూడా మిగలదు."