లోకల్ ఎక్స్‌పీరియెన్స్

ఆ శనివారానికి సుమలత వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి ఉప్మా, తొమ్మిదింటికి తలస్నానం, పదింటికి మొగుడు సాయి కిరణ్ ఏడేళ్ల కీర్తికను తీసుకుని లైబ్రరీకి బయలుదేరడం, పదకొండింటికి హాల్లో తెల్లగోడ ముందు లాప్‌టాప్ పెట్టుకుని పిల్లల ఆసుపత్రి వాళ్లతో ఇంటర్వ్యూ. గోడ మీది క్యాలెండరు కూడా ముందే తీసేసింది. సింగపూరు సెంగ్‌కాంగ్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు కాబట్టి వీధి గోల కూడా ఉండదనుకుంది.

ఇది ఆమెకు ఏడో ఇంటర్వ్యూ. రాజమండ్రిలో నర్సింగ్ చదివి, విశాఖలో పిల్లల వార్డులో ఆరేళ్లు చేసి, న్యూజిలాండ్ వెళ్లి పీడియాట్రిక్ నర్స్ ప్రాక్టిషనర్ అయిన మనిషి. అంటే పిల్లల్ని పరీక్ష చేసి, జబ్బేమిటో తేల్చి, మందు రాసే అధికారం ఉన్న నర్సు. మొగుడికి చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు ఉద్యోగం దొరికి సింగపూరు చేరాక ఆ అధికారం కాస్తా అటకెక్కింది. ఇక్కడి నర్సింగ్ బోర్డులో నమోదు కానిదే ఒక్క పిల్లాడి నాడి కూడా పట్టుకోకూడదు. నమోదు కావాలంటే ముందు ఏదో ఒక ఆసుపత్రి ఉద్యోగమిస్తాననాలి. ఆసుపత్రులేమో ఆరు ఉత్తరాల్లోనూ ఒకటే మాట రాశాయి: లోకల్ ఎక్స్‌పీరియెన్స్ లేదు. పైగా ఈ ఆసుపత్రి వాళ్లు పని మానేసి అయిదేళ్లు దాటినవాళ్ల దరఖాస్తే ముట్టుకోరట. ఆమెకు వచ్చే నెలతో అయిదేళ్లు నిండుతాయి. ఇది పోతే ఇక జీవితాంతం ఉప్మాయే.

సలహాలకు మాత్రం లోటు లేదు. "పిల్లలంటే ఇష్టమే కదా, ఎవరింట్లోనైనా చూసుకునే పనికి చేరచ్చుగా" అన్నవాళ్లున్నారు. "దరఖాస్తులో పెద్ద చదువు కొట్టేసి చిన్న చదువే రాయండి, పిలుస్తారు" అన్నవాళ్లున్నారు. "పదేళ్లు చదివింది కొట్టెయ్యడానికి కాదండీ" అని సుమలత అందరికీ ఒకే జవాబు చెప్పేది. ఆ జవాబు చెప్పినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది, మండనీ అనుకునేది.

సాయి కిరణ్ చేసిన పొరపాటల్లా ఒకటే. శుక్రవారం సాయంత్రం లిఫ్టులో కేశవరావుకు విషయం చెప్పాడు. కేశవరావు తొమ్మిదో అంతస్తు. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్లు ఇక్కడి షిప్‌యార్డులో సేఫ్టీ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఆయన చేతిలోదే. ఎవరికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తే మనిషి, పరిగెత్తే ముందు అడిగే అలవాటు లేదంతే.

"ఏటి బాబూ, అంత చదివిన అమ్మాయికి ఉద్యోగం ఎందుకివ్వరు?" అన్నాడు.

"లోకల్ ఎక్స్‌పీరియెన్స్ లేదంటున్నారు అంకుల్."

"అంతేనా? ఇంటర్వ్యూ ఎన్నింటికి?"

"పదకొండింటికి."

"సరే. నాకొదిలీ" అన్నాడు కేశవరావు. సాయి కిరణ్ వదిలేశాడు. అదీ సంగతి.

శనివారం పది గంటలకు తలుపు తీసిన కీర్తిక బయటికి వెళ్లకుండా వెనక్కి వచ్చింది. "అమ్మా, కమ్ సీ. అవుట్‌సైడ్ గాట్ క్యూ. సో లాంగ్, లా."

సుమలత గుమ్మంలోకి వచ్చి చూసింది. వరండా పొడుగునా తల్లులు, పిల్లల్ని తోసే బండ్లు, చంకల్లో పిల్లలు. ఇంట్లోకి వెళ్లే ముందు చెప్పులు విడవాలి కాబట్టి అందరూ ముందే విడిచేసి నిలబడ్డారు. కాళ్ల దగ్గర పద్నాలుగు జతల బుల్లి చెప్పులున్నాయి. హాకర్ సెంటర్లో అన్నం తెచ్చుకునే లోపు బల్ల ఎవరూ ఆక్రమించకుండా టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేసుకుంటారు కదా, అలాగే ఆమె చెప్పుల స్టాండు మీద వరసగా టిష్యూ పొట్లాలు పెట్టి తమ తమ వంతులు చోప్ చేసుకున్నారు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కేశవరావు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పొడుగాటి పుస్తకం.

"అంకుల్, ఏమిటిది?"

"లోకల్ ఎక్స్‌పీరియెన్సమ్మా" అన్నాడు ఆయన తృప్తిగా. "పదకొండు లోపు ఇరవై మందిని చూసీ. పిల్లలందరూ లోకలే, సగం మంది ఇక్కడే పుట్టారు. షిప్‌యార్డులో పొద్దున్నే సేఫ్టీ మీటింగు పెట్టి సంతకాలు తీసుకునేవాళ్లం. సంతకం ఉంటే ఇక ఎవడూ కాదనలేడు. ఇదిగో, గళ్లు కూడా గీశాను. పేరు, బ్లాకు, ఒంట్లో ఏం బాగులేదు, ఏం చేశారు, సంతకం."

గ్రూపులో ఆయన పెట్టిన సందేశం సాయి కిరణ్ ఫోనులో కనిపించింది. మన బ్లాకులోనే పిల్లల స్పెషలిస్టు, ఫీజు లేదు, పది నుంచి పదకొండు, పిల్లలతో వచ్చి సంతకం చేసి వెళ్లగలరు. రెండు వందల నలభై కుటుంబాలు చదివాయి. అక్కడితో ఆగినా బాగుండేది, వాళ్లు ఊళ్లో తెలిసినవాళ్లందరికీ పంపారు.

"మేం బుకిట్ బటోక్ నుంచి మూడు రైళ్లు మారి వచ్చామండీ, కాస్త ముందు మమ్మల్ని చూడండి" అంది వరసలో ఒకావిడ.

సుమలత గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అంకుల్, నమోదు లేకుండా ఒక్క పిల్లాణ్ణి ముట్టుకున్నా ఇక నన్ను ఈ ఊళ్లో ఏ ఆసుపత్రీ గుమ్మం ఎక్కనివ్వదు. మీరు నాకు అనుభవం కాదు, కేసు తయారుచేస్తున్నారు."

"ముట్టుకోకుండానే చూడండి, మేం ఎవరికీ చెప్పం" అన్నారు తల్లులు.

"పుస్తకంలో సంతకాలు పెట్టి మరీనా?" అంది సుమలత. ఆ పుస్తకం లాక్కుని చించెయ్యాలనిపించింది. కానీ ఏం జరిగినా రాసిపెట్టడం నర్సు పనిలో అలవాటైన చెయ్యి అది. పెన్ను తీసుకుని, మొదటి గడిలో ఇంగ్లీషులో రాసింది: పరీక్షించలేదు, ముట్టుకోలేదు, మందు చెప్పలేదు, పాలీక్లినిక్‌కు పంపాను. పక్కన సమయం వేసి సంతకం చేసింది. "తరవాతివాళ్లు రండి" అంది.

దగ్గుకు పాలీక్లినిక్. దద్దుర్లకు పాలీక్లినిక్. "మావాడు వంకాయ తినడండీ" అన్నావిడకు ఏం రాయాలో తెలియక, వంకాయ తినడు అని రాసి ఇంటికి పంపింది. మూడు రైళ్ల ఆవిడ అలిగి, డాక్టరుగారికి చాలా పొగరని గ్రూపులో రాసింది. ఆ పొగరేమిటో చూద్దామని ఇంకో నలుగురు వచ్చారు. ఇంతలో ఎదురింటి చైనా ఆంటీ తలుపు తీసి, వరస చూసి, ఏమిస్తున్నారో అడగకుండానే చక్రాల సంచీతో వచ్చి చివర నిలబడింది. ఈ ఊళ్లో క్యూ ఉందంటే చివర ఏదో మంచిదే ఉంటుందని నమ్మకం. ఆవిడ కూడా ఒక టిష్యూ పొట్లం పెట్టింది.

పది నలభైకి నందిత అనే అమ్మాయి ముందుకు వచ్చింది. చంకలో ఏడాదిన్నర పిల్లాడు. వాడి చొక్కా ముందంతా చొంగతో తడిసిపోయి ఉంది.

"పళ్లొస్తున్నాయేమో అక్కా. పొద్దున్నుంచీ ఇడ్లీ ముక్క కూడా మింగడం లేదు. ఇవాళ లేచిన వేళే బాగులేదు, వంటింట్లో తూకం మెషీను కూడా పనిచెయ్యలేదు. వెనక మూత ఊడి వీడి బొమ్మల్లో పడి ఉంది."

సుమలత పెన్ను ఆపింది. "అందులో బ్యాటరీ?"

"రూపాయి బిళ్లంత ఉంటుంది. అది కనబడలేదు, ఇంకా వెతకలేదు."

"సాయీ, తొమ్మిది తొమ్మిది అయిదుకు ఫోన్ చెయ్యి. పిల్లాడు బ్యాటరీ మింగి ఉండచ్చని చెప్పు, ఆ ముక్కే చెప్పు. నందితా, నీళ్లు కూడా పట్టకు. టాక్సీ వద్దు, అంబులెన్సే."

"అమ్మాయ్, పళ్లొచ్చినప్పుడు పిల్లలు అలాగే..." అన్నాడు కేశవరావు.

"అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లో లోపల కాలిపోతుంది అంకుల్. మీరు లిఫ్టు ఆపి పట్టుకోండి."

ఆయన పరిగెత్తాడు. సుమలత చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. పిల్లాణ్ణి తీసుకుని భుజాన వేసుకోవాలని ఆ చేతులు కొట్టుకున్నాయి. వెయ్యి మంది పిల్లల్ని పట్టిన చేతులవి, అయినా కట్టుకుని నిలబడాల్సి వచ్చినందుకు ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అంబులెన్సు వాళ్లు రాగానే విన్నదంతా నాలుగు వాక్యాల్లో చెప్పింది, ఆ నాలుగు వాక్యాలూ పుస్తకంలో కూడా రాసింది. స్ట్రెచరు టిష్యూ పొట్లాల మధ్య నుంచి వెళ్లిపోయింది.

పదకొండింటికి ఆమె తెల్లగోడ ముందు కూర్చునేసరికి జడ సగం ఊడి ఉంది, బయట వరండా సంతలా ఉంది. తెర మీద ముగ్గురు. మధ్యలో ఉన్నావిడ నర్సింగ్ డైరెక్టరు, మేడమ్ రోహానా. అరగంట ప్రశ్నలడిగింది, సుమలత తడుముకోకుండా చెప్పింది. అప్పుడు రోహానా ఫైలు మూసింది.

"మీ చదువు చాలా బాగుంది. కానీ లోకల్ ఎక్స్‌పీరియెన్స్ లేదు. వార్డులో సహాయకురాలిగా చేరండి. పక్కలు సర్దడం, పిల్లలకు తినిపించడం. రెండేళ్ల తరవాత చూద్దాం."

ఏడో ఉత్తరం ఇప్పుడు ముఖం మీదే చదువుతున్నారన్న మాట. ఒప్పుకుంటే జీతమొస్తుంది, ఒప్పుకోకపోతే వచ్చే నెలకు తలుపు మూసుకుపోతుంది.

"వద్దు మేడమ్" అంది సుమలత. "పక్క సర్దడం నాకు చిన్నతనం కాదు, ఇప్పటికి కొన్ని వేలు సర్దాను. కానీ వచ్చిన పనిని రానట్టు నటించమంటే మాత్రం చెయ్యను. పిల్లలకు ఊపిరి ఆడకపోతే డొక్కలు ఎగరేస్తారు. రాజమండ్రిలోనూ అలాగే ఎగరేస్తారు, సెంగ్‌కాంగ్‌లోనూ అలాగే ఎగరేస్తారు. మీ పరీక్షలేమున్నాయో పెట్టండి, అన్నీ రాస్తాను. ఎవరి కింద చెయ్యమంటే వాళ్ల కింద చేస్తాను. నర్సుగా."

రోహానా ఏదో అనబోయింది. అంతలో తెరలో సుమలత భుజం వెనక నుంచి ఒక పొడుగాటి పుస్తకం పైకి లేచింది.

"ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్" అన్నాడు కేశవరావు. "లోకల్ ఎక్స్‌పీరియెన్స్. ట్వంటీ త్రీ పీపుల్. ఆల్ సైన్డ్."

సుమలత కళ్లు మూసుకుంది. తలుపు దగ్గర కాపలా ఉండాల్సిన సాయి కిరణ్, చైనా ఆంటీకి ఇక్కడ ఏమీ పంచడం లేదని నచ్చచెబుతున్నాడు.

"మీరు ఇంట్లో పిల్లలకు వైద్యం చేస్తున్నారా?" రోహానా గొంతు మారింది. "ఆ పుస్తకం కెమెరాకు దగ్గరగా పెట్టండి."

కేశవరావు గర్వంగా పెట్టాడు. ముగ్గురూ ముందుకు వంగి చదివారు. పరీక్షించలేదు, ముట్టుకోలేదు, మందు చెప్పలేదు. రెండో గడీ అంతే. మూడోదీ అంతే. ఒక్కో దానికీ సమయం, సంతకం. పద్దెనిమిదో గడి దగ్గర రోహానా వేలు ఆగింది. అది రెండుసార్లు చదివి, పక్కనున్న డాక్టరుకు ఏదో చెప్పింది. ఆయన లేచి బయటికి వెళ్లాడు. మిగతావాళ్లు పేజీ చివరిదాకా వచ్చారు. ఇరవై మూడో గడిలో ఇలా ఉంది: ఎదురింటి ఆంటీ, జబ్బేమీ లేదు, క్యూ చూసి నిలబడ్డారు, విషయం చెప్పాను, వెళ్లలేదు.

రోహానా నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది.

పావుగంటకు డాక్టరు తిరిగొచ్చాడు. "ఆ బాబును మా దగ్గరికే తెచ్చారు. ఎక్స్‌రేలో బ్యాటరీ గొంతులో కనబడింది, తీయడానికి ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారు. సమయానికి వచ్చాడు, నయమైపోతాడు. పళ్లొస్తున్నాయని ఇంట్లో ఉంచుకుని ఉంటే చెప్పలేకపోయేవాళ్లం."

సుమలతకు అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు వచ్చేసింది, ఏడ్చింది. తుడుచుకోవడానికి కేశవరావు చెప్పుల స్టాండు మీదినుంచి ఒక టిష్యూ పొట్లం తెచ్చిచ్చాడు.

"ఎమర్జెన్సీలో, వచ్చిన పిల్లల్లో ఎవరిని ముందు చూడాలో తేల్చే చోట మనిషి కావాలి" అంది రోహానా. "నమోదుకు మీ తరఫున మేమే దరఖాస్తు పెడతాం. ఏడాది మా వాళ్ల పర్యవేక్షణ, ఆ పైన ప్రాక్టిషనర్ పరీక్ష."

"సహాయకురాలిగానా?"

"నర్సుగా."

"అదే మాట కాగితం మీద రాసి పంపండి మేడమ్" అంది సుమలత, ముక్కు తుడుచుకుంటూ.

కాగితం బుధవారం వచ్చింది. దాంతోపాటు, ఆ పుస్తకం మా ఫైలులో ఉండాలి, దయచేసి అసలుది ఇవ్వగలరని ఒక వినతి కూడా వచ్చింది. కేశవరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని రైల్లో తనే పట్టుకెళ్లాడు. ఇరవై నాలుగో గడిలో మేడమ్ రోహానా చేత సంతకం పెట్టించుకున్నాకే పుస్తకం వదిలాడు.