మామగారు అడిగిన కంబారి

అండమాన్‌లో పుట్టిన తెలుగువాళ్ళకు తెలుగు రాదనడం అన్యాయం. వస్తుంది. కాకపోతే ఇంట్లో తెలుగుగా బయలుదేరిన వాక్యం వీధి చివరికి వెళ్ళేసరికి హిందీ అయిపోతుంది. దానికి మేమెవరమూ సిగ్గుపడం, మెయిన్‌లాండ్ నుంచి చుట్టాలు దిగితే తప్ప.

డాలీగంజ్‌లో ఉండే ఉదయ్‌కుమార్ ఇంటికి అలా దిగినవారు సాక్షాత్తూ మామగారు. శ్రీకాకుళం దగ్గర సేద్యం చేసే వీరరాఘవయ్యగారు వైజాగ్‌లో ఓడెక్కి వచ్చారు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఐదేళ్ళ మనవరాలు గౌతమి, "నానాజీ, ఠండా పానీ తేవాలా?" అని ముద్దుగా అడిగింది. ఆయన ఆ నీళ్ళు ముట్టలేదు. "తెలుగు లేని ఇంట్లో పిల్ల పెరగడానికి వీల్లేదు. నాతో తీసుకుపోయి మా ఊరి బళ్ళో వేస్తాను" అన్నారు. కూతురు అపర్ణ ఏడ్చి గోల చేస్తే, నాలుగు రోజులు చూసి చెబుతానని మెత్తబడ్డారు.

గౌతమి లేని ఇల్లు తలుచుకుంటేనే ఉదయ్‌కుమార్‌కు గుండె జారిపోతోంది. అందుకని ఆ ఆదివారం పొద్దున్నే ఒక చిన్న ప్లాను వేసుకున్నాడు. మామగారి పక్కన కూర్చుని టీ తాగాలి, హిందీ ముక్క దొర్లకూడదు, అర్థం కాని మాట వస్తే అర్థమైనట్టు తలూపాలి. మిడిల్ పాయింట్‌లోని ఆఫీసులో అతను ఉద్యోగమంతా ఈ పద్ధతిలోనే నెట్టుకొస్తున్నాడు.

మామగారు పెరట్లోకి చూసి పెదవి విరిచారు. "ఏటి బాబూ, ఇంత జాగా ఉంచుకుని గడ్డి పెంచుతున్నారేటి? ఒక కంబారిని పెట్టుకోలేకపోయారా?"

ఉదయ్‌కుమార్ తలూపాడు. ఊపిన తర్వాత ఆలోచించాడు. కంబారి అంటే ఏమిటి? అపర్ణను అడుగుదామంటే తలంటుకుంటోంది. హిందీలో ఖంబా అంటే స్తంభం. బీరపాదు పాకాలంటే పందిరి కావాలి, పందిరికి స్తంభాలు కావాలి. అంటే ఖంబాకు అచ్చ తెలుగు మాట కంబారి అన్నమాట! తన తెలివికి తనే మురిసిపోయి, పక్కకు వెళ్ళి బతు బస్తీలో కంట్రాక్టు పనులు చేసే పైడిబాబుకు ఫోన్ కొట్టాడు.

"భయ్యా, నాలుగు ఖంబాలు పంపు. ఆరడుగులవి. ఏకదమ్ మజ్‌బూత్‌గా, గట్టిగా ఉండాలి."

వచ్చి దర్జాగా కూర్చున్నాడు. "కంబారి సంగతి చూశాను మామయ్యగారూ. నాలుగు చెప్పాను."

పాపం, అల్లుడికి నాలుగుకూ నలుగురికీ తేడా తెలియదని మామగారు సర్దుకున్నారు. "ఇంత పెరటికి నలుగురెందుకు బాబూ? ఒక్కడు చాలడేటి?"

"ఒకటైతే పడిపోతుంది. నాలుగైతే నాలుగు మూలలా పాతేయొచ్చు."

"పాతేస్తారా!"

"రెండడుగులు లోపలికి. లేకపోతే గాలికి ఊగుతాయి."

మామగారు టీ కింద పెట్టేశారు. "మరి... తిండీ గిండీ?"

"తిండెందుకు మామయ్యగారూ! చెదలు పట్టకుండా ఒకసారి తారు పూస్తే చాలు."

"ఎండకీ వానకీ?"

"అక్కడే ఉంటాయి. ఎక్కడికి పోతాయి?"

వీరరాఘవయ్యగారు లోపలికి వెళ్ళి, గౌతమి గౌన్లు తన సంచిలో కుక్కడం మొదలుపెట్టారు. కాలాపానీ కథలు ఆయన చిన్నప్పుడు విన్నారు. అవి ఇంకా నడుస్తున్నాయనీ, అదీ సొంత అల్లుడి పెరట్లో నడుస్తున్నాయనీ ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ఇంతలో వీధిలో లారీ హారన్ మోగింది. లారీ మీద నాలుగు సిమెంటు స్తంభాలు, ఒక్కొక్కటి ఇంటికంటే పొడుగు. పైడిబాబు కిందికి దూకి, "ఆరడుగులవి స్టాక్ నహీ భయ్యా, నెక్స్ట్ షిప్‌లో వస్తాయి. కరెంటు పనిలో మిగిలినవి తెచ్చేసినాను. మజ్‌బూత్ అన్నావు కదా!" అన్నాడు. మలుపు తిరగబోయిన లారీ వీధికి అడ్డంగా ఇరుక్కుపోయింది.

వీధి లైట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్న కాలనీ సెక్రటరీ లోకనాథం ఆ స్తంభాలను చూశాడు. పరిగెత్తుకెళ్ళి కొబ్బరికాయ తెచ్చి లారీ ముందు కొట్టాడు. దేవుడి పటం మీది దండ తీసి ఉదయ్‌కుమార్ మెడలో వేశాడు. "నా వల్ల కానిది ఒక్క ఫోన్‌తో చేసేశారు భయ్యా!" అని కౌగిలించుకున్నాడు. జనం చేరి జిందాబాద్ కొట్టారు. నిజం చెప్పేయాలనే ఉదయ్‌కుమార్ నోరు తెరిచాడు. కానీ దండ పడడం జన్మలో మొదటిసారి కావడంతో, ఒక్క నిమిషం ఆగి చెబుదామనుకున్నాడు.

ఆ నిమిషంలోనే మామగారు ఒక చేత్తో సంచి, ఒక చేత్తో గౌతమి వేలు పట్టుకుని బయటికి వచ్చారు. "తప్పుకోండి! మనుషుల్ని పాతిపెట్టే ఊళ్ళో మా పిల్లనుంచను!"

జిందాబాద్‌లు ఆగిపోయాయి. తడిజుట్టుతో అపర్ణ పరిగెత్తుకొచ్చింది. "ఎవర్ని పాతారు నాన్నా?"

"కంబార్లని! నలుగుర్ని!"

ఉదయ్‌కుమార్ లారీ వైపు చూపించాడు. "ఇవే కదా మామయ్యగారూ, కంబార్లు..."

వీరరాఘవయ్యగారు లారీని చూశారు, అల్లుడిని చూశారు, దండను చూశారు. మెట్టు మీద కూలబడ్డారు. "కంబారంటే మనిషి బాబూ! ఏడాదికి జీతం మాట్లాడుకుని మన పొలం చేసేవోడు. రోజుకి వచ్చేవోడు కూలోడు. కౌలుకి చేసేవోడు కౌలుదారు. పొలం గలోడు కామందు. మీరు వీళ్ళందరినీ ఏటంటారు?"

"లేబర్" అన్నాడు ఉదయ్‌కుమార్ నిజాయితీగా.

"కామందుని కూడానా?"

"ఆయన్ని సేఠ్ అంటాం" అని పైడిబాబు లారీ దగ్గర నుంచి అందించాడు.

"విన్నావా అమ్మా! అందుకే పిల్లని తీసుకుపోతానన్నాను."

అపర్ణ జుట్టు పిండుకుంటూ, "సరే నాన్నా. మొన్న నాట్లప్పుడు ఫోన్ చేసి నాతో ఏమన్నారు?" అంది.

"ఏటన్నాను?"

"'లేబర్ ప్రాబ్లమ్ చాలా సీరియస్‌గా ఉందమ్మా' అన్నారు. కంబారి మాట ఒక్కసారైనా ఎత్తారా?"

వీధి వీధంతా ఆయన వైపు తిరిగింది. వీరరాఘవయ్యగారు కాసేపు కండువా సర్దుకున్నారు. "కంబార్లుంటే కదమ్మా ఎత్తడానికి! మా నాయన కాలంలో ఉండేవోరు. ఆ మాట నేను అని ఎన్నాళ్ళయిందో. ఇక్కడికొచ్చి గొప్పకి అన్నాను."

సంచి కూతురి చేతికిచ్చేశారు. "పిల్ల ఇక్కడే ఉంటాది. దాని తెలుగు నేను ఇక్కడే ఉండి చూసుకుంటాను."

ఉదయ్‌కుమార్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గౌతమిని ఎత్తుకుని, "షుక్రియా మామయ్యగారూ, బహుత్ షుక్రియా!" అన్నాడు. మామగారు వినలేదు. ఆయన పెరట్లోకి నడిచి, మూలనున్న పార తెచ్చి అల్లుడి చేతిలో పెట్టారు.

కంబారి అంటే ఏమిటో సాయంత్రానికి ఉదయ్‌కుమార్‌కు నడుము నొప్పితో సహా అర్థమైంది.