పానాదీప సంహారము

వినుడు! తీరిక గలవారు కూర్చుండి వినుడు, లేనివారు నిలుచుండియే వినుడు. సహస్రకిరణుడు ఎదురింటి నీళ్లట్యాంకు మీదికి ఎగబాకి, ఆరవేసిన దుప్పట్ల సందునుండి వీథిలోనికి తొంగిచూచుచున్న శుభవేళ, అద్దెయింటి వాకిట, పూర్వమెవరి చేతనో నలిగి నలిగి పిదప మన వీరునికి దక్కిన బూడిదవర్ణ శకటరాజము నందు, ఘోరాతిఘోరమగు సంగ్రామమొకటి జరిగెను. రక్తము కారలేదు. కారినదంతయు ఇంజనాయిలే.

ఆ శకటప్రభువెవరనగా, గేరుమర్దన ధురంధరుడు, హారనుగర్జనా భయంకరుడు, ఇరుకుసందు రివర్సు సార్వభౌముడు అగు ముసలి డ్రైవరు. జన్మమంతయు పరుల కార్లు నడిపినవాడు. పరుల భార్యలను పెండ్లిండ్లకును, పరుల పిల్లలను బడులకును, పరుల అత్తలను ఆసుపత్రులకును చేర్చినవాడు. సొంత భార్యను మాత్రము బస్సెక్కించినవాడు. పని మానిన పిదప ఈ బండి కొనెను. నేడు ఆమెను ముందు సీటులో కూర్చుండబెట్టుకొని ఆమె అక్కగారింటికి పోవలెను. ఇన్నేండ్ల కోరిక అది. ఎవ్వరికిని చెప్పలేదు. చెప్పుట అతనికి చేతకాదు.

ప్రయాణమునకని స్వహస్తములతో పాత నూనె దించి, కొత్త నూనె పోసి, ఫిల్టరు మార్చి, చేతులు గుడ్డకు తుడిచి, జయగర్వమున తాళము తిప్పెను. హా! సర్వీసు సర్వీసని మీటరులో నిన్నమొన్నటి నుండి వెలుగుచున్న ఆ పసుపుపచ్చని పానా బొమ్మ, కడుపునిండ కొత్త నూనె త్రాగియు, సిగ్గన్నది లేక వెలుగుచునే యుండెను.

అంతలో చేతిసంచితో ఇల్లాలు వాకిటికి వచ్చెను.

"ఏమండీ, ఆ దీపం ఇంకా వెలుగుతోందే?"

"సర్వీసైపోయింది."

"మరి దానికి తెలీదా?"

"తెలీదు. మనమే చెప్పాలి."

"మనుషులకే ఏదీ చెప్పరు మీరు. దానికేం చెప్తారు? అది ఆరేదాకా నేనెక్కను. నడిరోడ్డు మీద ఆగిపోతే తోసేదెవరు, నేనేగా? తమ్ముడు వస్తున్నాడు. వాడి కార్లో పోతా."

అని భీషణ ప్రతిజ్ఞ చేసి, సంచి ఒడిలో పెట్టుకొని మెట్టుమీద కూర్చుండెను.

బావమరిది! వాని కొత్త కారు! ఆ మాట చెవిని బడినంతనే వీరుని మీసము మండెను. పైకి "ఊ" అనెను. లోపల మాత్రము ఇట్లు గర్జించెను: "ఓరీ పీతాధమా! మిణుగురుపురుగు తోకంత లేవు, నా సంసారమునకే అడ్డు నిలిచితివా? ఎన్ని ఘాటీలు దిగలేదు, ఎన్ని బ్రేకులు పోయిన లారీలను తప్పుకొనలేదు! నిన్నార్పక ఈ సీటు దిగినచో నేను స్టీరింగు పట్టినవాడనే కాను!"

వెంటనే పాత స్నేహితుడగు మెకానిక్కునకు ఫోను కలిపెను. ఆ గురువు మంత్రోపదేశము చేసెను.

"చాలా తేలిక అన్నా. తాళం ఆఫు చెయ్. మీటరు పక్కన బొడిపె ఉంటుంది, గట్టిగా నొక్కిపట్టు. వదలకుండా తాళం తిప్పు, రెండో టిక్కు దగ్గర ఆపెయ్. ఇంజను స్టార్టయిందా, మళ్లీ మొదటికే."

వీరుడు ఎడమచేత బొడిపెను ఒడిసిపట్టెను. కుడిచేత తాళము తిప్పెను. టిక్కు, టిక్కు, బుర్రు! ఇంజను లేచెను. ఆపి మరల తిప్పెను. టిక్కు, టిక్కు, బుర్రు! యజమాని డోరు మూసినంతనే బండి లేపిన మణికట్టు అది. నడుమ ఆగుట దాని వంశమునందే లేదు.

"స్టార్టవుతోందిగా, ఇంకేం?" అని మెట్టు మీదినుండి వినవచ్చెను.

"అవకూడదు."

"ఇదేం చోద్యం! నిన్నటిదాకా స్టార్టవట్లేదని తన్నారు దాన్ని!"

అప్పుడు ఆ రణకోవిదుడు వ్యూహము మార్చి, కుడిచేత బొడిపెను, ఎడమచేత తాళమును పట్టి, పెనవైచుకొన్న పాములవలె తన చేతులలో తానే చిక్కుకొని, మోచేయి హారనుకు తగిలించెను. ఎదురింటి టీచరమ్మ తన ఆటో వచ్చినదనుకొని "వస్తున్నా, వస్తున్నా!" అనుచు ఒంటిచెప్పుతో పరుగెత్తుకొని వచ్చి, తిట్టుచు మరలిపోయెను. పానా వెలుగుచునే యుండెను. నవ్వుచున్నట్లే యుండెను.

ఆ విషమఘడియలోనే తళతళలాడు కారొకటి వచ్చి వాకిట నిలిచెను. బావమరిది తల బయటపెట్టెను.

"రా అక్కా, ఎక్కు. ఏసీ వేసుంచా. ఏం బావా, ఇంకా పోలేదా లైటు? షోరూములో పడెయ్, వాళ్లే చూసుకుంటారు. నీకెందుకీ అవస్థ?"

ఇల్లాలు లేచెను. సంచి భుజమునకు తగిలించెను. ఒక్క అడుగు వేసెను. అది చూచి, నోరు తెరువని ఆ వీరుడు నోరు తెరచెను.

"ఇదిగో... ఓసారి ఇటు రా. తాళం తిప్పు."

"నేనా? నాకేం వచ్చండీ?"

"రాదనే పిలిచా."

ఆమె తమ్ముని వైపు చూచెను, మగని వైపు చూచెను, సంచి బానెట్టు మీద పెట్టెను. కిటికీలోనుండి చేయి చాచెను. వీరుడు రెండు బొటనవ్రేళ్లతో బొడిపెను అదిమిపట్టి ఊపిరి బిగించెను. కాపురమునకు వచ్చిననాటి నుండి పొంగుచున్న పాలక్రింద పొయ్యి మరను సరిగా సన్నసెగ దగ్గర ఆపిన చేయి అది. టిక్కు. టిక్కు. ఆగెను.

పానా మిణికెను. మరల మిణికెను. గుటుక్కున ఆరెను.

"పోయిందే! ఎలా తీశావు బావా?" అని బావమరిది నోరు వెళ్లబెట్టెను.

"నేను తీశా. మీ బావ బొడిపె పట్టుకున్నారు, అంతే," అని ఇల్లాలు సంచి తీసుకొని, బండి చుట్టును తిరిగివచ్చి, ముందు తలుపు తెరచి, దర్జాగా కూర్చుండెను. "నువ్వు వెనకాలే రా తమ్ముడూ. తొందరేం లేదు."

అంతలోనే కెవ్వుమనెను. "అయ్యో, ఇంకోటి! ఎర్రగా!"

"అది నీకే. బెల్టు పెట్టుకో."

ఆమె బెల్టు లాగి తగిలించెను. ఎర్రదీపమును ఆరెను.

"ఇదీ నేనే ఆర్పా."

"ఊ," అనెను వీరుడు. బండి కదలెను.

జయము! జయము! గోరంత పచ్చదీపము గతించెను, ముందు సీటు నిండెను! అన్నిమారులు ఇంజను లేచుటచే అసలే క్రిందనున్న పెట్రోలు ముల్లు అడుగంటినది; దాని దీపము వెలుగుటకు ఇంకను కొంత వ్యవధి కలదు. ఆ సంగతి వీరుడు ఎవ్వరికిని చెప్పలేదు. అంతవరకు జయమే!