బూరాడవలసలో కింద ఎటువైపు

బూరాడవలస మండల కార్యాలయంలో మడత ల్యాప్‌టాప్ తెర పక్కకు తిరిగి, మళ్లీ తిరగనని మొరాయించిన రోజునుంచి ఆ మండలంలో కింద అనేది తూర్పు వైపుకు మారింది. మార్పు పదీ ఇరవైకి జరిగింది. అప్పటికే హాజరుపట్టీలో సంతకాలు అయిపోయాయి కాబట్టి సిబ్బందికి ఆ పూట ఇబ్బంది కలగలేదు.

ఇందులో వింతేమీ లేదు. భూమి వివరాలు కంప్యూటర్లో ఎలా ఉంటే నేలమీదా అలాగే ఉండాలని నాలుగేళ్ల కిందటే ఉత్తర్వు వచ్చింది. నేల ఇన్నాళ్లకు దాన్ని పాటించింది, అంతే. తెరమీద అక్షరాలు తూర్పు గోడకేసి కాళ్లు చాపుకుని పడుకున్నాయి. వాటి వెనకే కుర్చీలు, బీరువాలు, కరణాల కాలంనాటి అడంగల్ కట్టలు, మంచినీళ్ల కుండ జారుకుంటూ పోయి తూర్పు గోడను చేరాయి. అటెండరు జగ్గప్ప ఆ గోడను ఊడ్చి కుర్చీలు సర్దాడు. క్యాలెండరు మేకు ఎవరికీ గుచ్చుకోకుండా దానిమీద పీట బోర్లించాడు. పడమటి గుమ్మం నెత్తిమీదికి పోవడంతో నిచ్చెన వేశారు. అర్జీదారులు రెండు రోజులు గొణిగారు. మూడోనాటికి నిచ్చెన దగ్గర వరుస కట్టారు.

ఆఫీసులో నిలువునా తిరిగిపోయిన ఆ కింద, దూరం పోయేకొద్దీ నెమ్మదించేది. ఏ ఉత్తర్వయినా ఆఫీసులో ఉన్నంత గట్టిగా పొలంలో ఉండదు కదా. ఊళ్లలో అది ఉత్త వాలు మాత్రమే. ఆవులకు తాళ్లు పొట్టి చేశారు. పొయ్యిమీద గిన్నెకు తూర్పున రాయి ఆనించారు. పెళ్లిపందిరి వేసేవాళ్లు ఒక పక్క రాటలు మూరెడు పొడుగు తెమ్మన్నారు.

నష్టపోయింది కాలవకు పడమట ఉన్న రైతులు. వాళ్లలో బెవర పోలమ్మ ఒకతె. ముప్పావు ఎకరం ఆసామి. వరి ఆకుమడి పోసి పన్నెండు రోజులైంది. కాలవ నీళ్లన్నీ తూర్పుకు దొర్లిపోతుంటే గట్టుమీద కూర్చుని చూసింది. ఇంకో వారం తడి తగలకపోతే ఆకుమడి ఎండి గడ్డి అవుతుంది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆవిడ రోజూ నిచ్చెన దిగేది.

తెర సంగతి చూడమని కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటరు తవిటినాయుడికి అప్పగించారు. గోలీసోడాలోకి గోలీ ఎలా దూరిందో తెలుసుకోవాలని చిన్నప్పుడు మూడు సీసాలు పగలగొట్టిన మనిషి అతను. తెర తిరక్కుండా తాళం ఏమైనా పడిందేమోనని చూశాడు. ఆపి, మళ్లీ పెట్టాడు. తెరను వెనక్కి మడిచి పలకలా చేసి, మళ్లీ పుస్తకంలా విప్పాడు. సెన్సారు తాలూకు ప్రోగ్రాము తీసేసి కొత్తగా ఎక్కించాడు. అక్షరాలు పడుకునే ఉన్నాయి.

చివరికి జిల్లా సాంకేతిక విభాగానికి ఫోను చేశాడు. అవతలాయన ఓపిగ్గా అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"మీ దగ్గర కింద ఎటు?"

"తూర్పు సార్."

"సెన్సారు ఎటు చూపిస్తోంది?"

"తూర్పే సార్."

"మరి సరిగ్గానే ఉంది కదయ్యా."

పావుగంటలో ఫిర్యాదు పరిష్కారమైందని ఫోనుకు కబురొచ్చింది. సేవతో సంతృప్తి చెందారా అని కూడా అడిగింది.

తవిటినాయుడు సంతృప్తి చెందలేదు. గోడమీద కూర్చుని ల్యాప్‌టాప్ వంకే చూస్తుండేవాడు. దొంగల భయానికి దాని బల్లను నేలకు బిగించారు, దాన్ని బల్లకు బిగించారు. అందుచేత అవి రెండూ పాత నేలను పట్టుకుని అరలా వేలాడుతున్నాయి. వాటి మీదున్న కలాలు, ముద్రలు, ఇంకుదిండు అన్నీ మొదటిరోజే రాలిపోయాయి. తాసిల్దారు దివాకరరావుగారి కళ్లజోడు పెట్టె మాత్రం మీటల పక్కన అతుక్కుని ఉంది. అదెందుకు రాలలేదు?

ఆ పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. తాసిల్దారుగారు బయటికి వెళ్తే కళ్లజోడు పెట్టె ల్యాప్‌టాప్ మీద వదిలి వెళ్తారు. పెట్టె ఉందంటే సారు సీట్లో ఉన్నట్టు. ఆయన అలా వెళ్లి తొమ్మిది రోజులైంది, సీట్లోనే ఉన్నారు. అర్జీదారులు పెట్టెకు దండం పెట్టి కాగితం ఇచ్చిపోయేవారు. దాన్ని తుడిచే పని జగ్గప్ప కూడా పెట్టుకోలేదు.

తవిటినాయుడు వేలితో పెట్టెను కదిపి చూశాడు. గట్టిగా పట్టుకుని ఉంది. మూతకు అయస్కాంతం. తెర ఎటు మడిచారో, ఎటు తిరిగిందో కనిపెట్టే సెన్సారు సరిగ్గా ఆ చోటే ఉంటుంది. అయస్కాంతం దగ్గర దానికి బుర్ర తిరుగుతుంది. విషయం ఇంత చిన్నదా అని అతనికి నవ్వొచ్చింది. పెట్టె పైకెత్తాడు.

అక్షరాలు లేచి నిలబడ్డాయి. వాటితోపాటు నేల కిందికొచ్చింది. తూర్పు గోడమీద కూర్చున్న పదకొండుమంది సిబ్బంది బీరువాలతో సహా నేలమీద పడ్డారు. డిప్యూటీ తాసిల్దారు రుక్మాంగదరావుకి మోకాలు చిట్లింది. ఆయన నొప్పి చూసుకోలేదు, తవిటినాయుడి చేతిలో పెట్టె చూశాడు.

"సారుని కింద పెట్టు," అన్నాడు.

నాలుగు నిమిషాలు గడిచాక పెట్టె యథాస్థానంలో అతుక్కుంది. అందరూ తిరిగి గోడ చేరారు. సాయంత్రానికి తవిటినాయుడికి మెమో అందింది. తాసిల్దారుగారు సీట్లో ఉండగా వారి అనుమతి లేకుండా వారిని పైకెత్తి, నాలుగు నిమిషాలపాటు విధులకు గైర్హాజరు చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

మర్నాడు పోలమ్మ వచ్చింది. నిన్న నాలుగు నిమిషాలు మడిలోకి నీళ్లొచ్చాయట. ఆకుమడి తలెత్తిందట. ఆ పని చేసిందెవరో ఆవిడకు అప్పుడే తెలిసిపోయింది.

"దినానికి ఒక్క గంట ఎత్తు బాబూ," అంది పోలమ్మ. "సారు ఒక్క గంట లేకపోతే ఏటవుద్ది? ఎలాగూ ఊళ్లో నేరు కదా."

రుక్మాంగదరావు మోకాలి కట్టు సర్దుకుని, ఆవిడ అడిగినదాంట్లో తప్పులేదన్నాడు. తాసిల్దారు సీట్లో లేని సమయం కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాన్ని మంజూరు చేయాల్సింది తాసిల్దారుగారు. ఆయన సీట్లో ఉండి చేయాలి. ఉన్నంతసేపూ పెట్టె ఉంటుంది. పైగా తూర్పు రైతులు తమ నీళ్లకు అడ్డురావద్దని ముందే అర్జీ పెట్టారు. వాళ్లలో కొందరు ఇప్పటికే చేపల చెరువులు తవ్వుకున్నారు.

"నేలను సరిచేయడం మన చేతిలో లేదమ్మా," అన్నాడాయన చాలా మర్యాదగా. "రికార్డు సరిచేయడం ఉంది."

పోలమ్మ ముప్పావు ఎకరాన్ని మాగాణి లెక్కలోంచి తీసి మెట్టలో వేశారు. మెట్టకు కాలవ నీళ్లు రానక్కర్లేదు కాబట్టి, రాలేదన్న ఫిర్యాదు దానంతట అదే చెల్లిపోయింది. ఆకుమడి ఎండిపోతుందేమో అంది పోలమ్మ. మెట్టలో ఆకుమడి ఉండదని చెప్పారు. ఆవిడ వేలిముద్ర వేసింది. ఈ ఏడు చోళ్లు చల్లుకుంటానంది. రాగులు ఒంటికి మంచివని జగ్గప్ప ఓదార్చాడు.

కొత్త పాసుపుస్తకానికి ఫొటో కావాలి. తవిటినాయుడు ల్యాప్‌టాప్ ముందు ఆవిడను నిలబెట్టాడు. ఇన్నాళ్లు వాలు నేలమీద నడిచిన ఒళ్లు, ఎలా నిలబడ్డా ఒక పక్కకు పోతోంది. మనిషి నిటారుగా లేదు, ఫొటో చెల్లదని తెర రెండుసార్లు చెప్పింది. అతని చెయ్యి పెట్టె దాకా వెళ్లి ఆగింది. మెమోకు సంజాయిషీ ఇంకా రాయలేదు.

"బాబూ, నిటారంటే ఎటో నాకు తెలీడం నేదు," అంది పోలమ్మ. "నీ దాన్లో ఎలాగ కావాలో సెప్పు, అలాగే నిలబడతాను."

అతను తెర చూశాడు.

"కొంచెం కుడిపక్కకి ఒరుగు పిన్నీ. ఇంకొంచెం."

ఆవిడ ఒరిగింది. తెరమీద పచ్చ గుర్తు పడింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు అది చూసి, ఎవరూ చెప్పకుండానే కుడిపక్కకి ఒరిగి నిలబడ్డారు.